గ్యాలను పెట్రోలుకు ఎన్ని మైళ్ళు?

పెట్రోలు పొదుపు పందెంలో మెల్లగా నడిపినవాడే గెలుస్తాడని చాలామంది తలుస్తారు. ఇది సగం నిజం. గాలి నిరోధం వేగం యొక్క వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. గంటకు 60 కి.మీ. పోయే మోటారు సైకిలుకు 30 కి.మీ. వేగంలో కంటె నాలుగు రెట్లు అడ్డు తగులుతుంది. మరి అందరూ నత్తనడక నడిస్తే అది పందెమెట్లా అవుతుంది? కనుకనే కనీస వేగం నిర్ణయించవలసి వచ్చింది.

1936లో అమెరికాలో లాస్ ఏంజిలిస్ నుండి యోసమిటి వరకు గిల్మోర్ చమురు కంపెనీ కార్లకు పొదుపు పరుగు ప్రారంభించింది. తరువాత మొబిల్ పేరుతో 1968 వరకు సాగిన ఈ పరుగులో చాలాకాలం మైళ్ళను కారు బరువుతో హెచ్చవేసి చూసేవారు. బరువైన కారుకు అన్యాయం జరగరాదని చేసిన ఈ లెక్క చివరకు దానివైపే మొగ్గింది!

మోటారు సైకిళ్ళ విషయంలో పేరుపొందినవి క్రెయిగ్ వెటర్ అనే అమెరికన్ రూపశిల్పి 1980 నుండి 1985 వరకు నడిపిన పోటీలు. 1985లో గెలిచిన బండి గ్యాలనుకు 470 మైళ్ళు, అనగా లీటరుకు దాదాపు 200 కి.మీ. నడిచింది. గాలిని చీల్చుకుపోయే పైతొడుగే దీనికి ముఖ్య కారణం. కాని అటువంటి బండిలో కూరగాయల సంచి పెట్టుకొనే చోటైనా ఉండాలి కదా! వెటరే ఉత్తరోత్తరా జరిపిన పోటీలలో నాలుగు సంచుల సరుకులు పట్టాలన్నాడు.

నడిపే నేర్పు మరొకటి. థ్రాటిలు కొద్దిగా మాత్రమే తెరిచి ఉంటే గాలిని లోనికి పీల్చుకొనడానికే ఇంజను కొంత శక్తి వృథా చేస్తుంది. అందుచేత పందెపు బాటలలో ఇంజనుకు కొంతసేపు బాగా పని పెట్టి, వేగం రాగానే ఆపివేసి, బండిని ఊరకే దొర్లనిస్తారు. ఊరి వీధులలో ఇది ప్రమాదకరం. అయితే విద్యానగర్ నుండి నారాయణగూడకు పోయేవాడు దూరాన ఎర్రదీపం చూడగానే థ్రాటిలు వదలవచ్చును. చివరిదాకా ఉరికి బ్రేకు తొక్కితే బండి వేగంలో ఉన్న శక్తి బ్రేకులో వేడిగా మారిపోతుంది.

అన్నిటికంటె చిక్కు కొలతలో ఉన్నది. ఒక్కొక్క డిగ్రీ సెంటిగ్రేడుకు పెట్రోలు సుమారు వెయ్యింట ఒక వంతు వ్యాకోచిస్తుంది. ఉదయం 10 లీటర్ల టాంకు నింపి, అర లీటరు ఖర్చు చేసి, 10 డిగ్రీలు వేడెక్కిన మధ్యాహ్నం మళ్ళీ నింపారనుకొందాం. మిగిలిన తొమ్మిదిన్నర లీటర్లు ఉబ్బి, దాదాపు నూరు మిల్లీలీటర్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి. ఖర్చులో అయిదవ వంతు మాయం! ఎండలో బండి నిలిపినవాడే విజేత కాగలడు. అందుకే షెల్ కంపెనీ పోటీలలో చిన్న గాజుసీసాతో ఇంధనమిచ్చి, ఖర్చును 15 డిగ్రీలకు సరిచేసి లెక్కిస్తారు. చోదకుని బరువు కూడ చూస్తారు. అక్కడి ప్రయోగవాహనాలలో 50 కిలోలకు తక్కువైనవాడు ఆ లోటుకు సరిపడా బరువు వెంట మోయవలసిందే.