కాపలావాళ్ళకి అందే కబురు

మా అత్తయ్యగారు ఎడిసన్ వచ్చి పదకొండేళ్ళయింది. ఈమధ్య పొద్దున్నే లేచి "బస్సు వెళ్ళిపోయిందా?" అని అడుగుతున్నారు. ఏ బస్సో మాకు తెలియదు. డాక్టరుగారు ఆల్జైమర్స్ అన్నారు. మెదడులో నాడీకణాలు చచ్చిపోతున్నాయట అని చెబితే, ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "మరి వాటిని చూసుకునేవాళ్ళెవరూ లేరా?" అన్నారు.

ఉన్నారు. వాళ్ళ చరిత్రకి నూరేళ్ళు దాటాయి.

1919లో మాడ్రిడ్‌లో పియో దెల్ రియో-ఒర్తేగా మెదడు ముక్కలకి వెండి లవణంతో రంగు పట్టించి, తన గురువు కహాల్ "మూడో అంశం" అని ఒక మూల పెట్టిన గుంపులోంచి కొమ్మల్లాంటి చేతులున్న చిన్న కణాలని వేరుచేశాడు. వాటికి మైక్రోగ్లియా అని పేరు పెట్టాడు. చచ్చిన కణాలని ఎత్తి పారేయడం వీటి పని. మరుసటి ఏడే కహాల్ ప్రయోగశాల నుంచి ఆయన్ని పంపేశారు. తరువాత అంతర్యుద్ధం దేశం నుంచే తరిమింది. 1945లో బ్యూనస్ ఎయిరిస్‌లో పోయాడు. పరాయిగడ్డ మీద పోయినవాళ్ళ కథ మనబోటివాళ్ళకి కాస్త ఎక్కువగానే గుచ్చుకుంటుంది.

మరి నాడీకణం ఈ కాపలావాళ్ళతో ఎలా మాట్లాడుతుంది? ఆ జవాబుకి 1997 దాకా ఆగాలి. తెల్లకణాలని "ఇటు రండి" అని పిలిచే చిన్న ప్రోటీనులని కీమోకైనులంటారు. మామూలుగా ఇవి కణంలోంచి బయటపడి తేలుతూ పోతాయి. ఆ ఏడు దొరికిన కొత్తది మాత్రం కర్రకి కట్టిన జెండాలా కణం పైపొరకే అంటిపెట్టుకుని ఉంటుంది. అవసరమైతే ఎంజైములు దాన్ని కోసి వదులుతాయి. కాలిఫోర్నియాలోని డీఎన్ఏఎక్స్ సంస్థవాళ్ళు దీన్ని ఫ్రాక్టల్కైన్ అన్నారు. (ఆ సంస్థ అప్పట్లో మన న్యూ జెర్సీ కంపెనీ షెరింగ్-ప్లౌ సొత్తు.) ఇంకొక బృందం న్యూరోటాక్టిన్ అంది. ఇంట్లో ఒక పేరు, ఆఫీసులో ఒక పేరు మనకీ అలవాటేగా! దాన్ని అందుకునే గ్రాహకం పేరు సీఎక్స్3సీఆర్1. జెండా నాడీకణం మీద, గ్రాహకం మైక్రోగ్లియా మీద ఉన్నాయని 1998లో ఫ్లోరిడాలో హారిసన్ బృందం ఎలకల మెదడులో చూపించింది.

1879లో మెన్లో పార్కులో దీపం వెలిగించిన ఎడిసన్ పేరు మన ఊరు 1954లో పెట్టుకుంది. అలాంటి ఊళ్ళో ఉంటూ వెలిగే కణాల మాట చెప్పకపోతే ఎలా? 2000లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఈ గ్రాహకపు జన్యువు స్థానంలో ఆకుపచ్చగా మెరిసే ప్రోటీను జన్యువుని పెట్టి చిట్టెలకలని పుట్టించారు. 2005లో ఆ ఎలకల పుర్రె ఎముకని పలచన చేసి చూస్తే, ఊరికే కూర్చున్నాయనుకున్న మైక్రోగ్లియా నిత్యం చేతులు చాచి చుట్టుపక్కల తడిమి చూస్తున్నాయి!

2006లో క్లీవ్‌లాండ్‌లో కార్డోనా, రాన్సహాఫ్ బృందం గ్రాహకం లేని ఎలకలని పరీక్షించింది. పార్కిన్సన్స్ వంటి జబ్బు తెప్పించినా, ఏఎల్ఎస్ వంటిది ఉన్నా, కాపలావాళ్ళు శ్రుతిమించి నాడీకణాలకే ఎక్కువ హాని చేశారు. అంటే ఆ కబురు "నేను బాగానే ఉన్నాను, నా జోలికి రాకు" అన్నమాట.

కథ ఇక్కడితో అయిపోతే మందు కూడా తేలికే. 2010లో మ్యూనిక్ వాళ్ళు అల్జైమర్స్ ఎలకల్లో ఇదే గ్రాహకాన్ని తీసేస్తే నాడీకణాలు చావకుండా నిలిచాయి. అదే ఏడు క్లీవ్‌లాండ్‌లో లాంబ్ బృందం రెండు రకాల ఎలకల్లో చూసింది. ఒక రకంలో గ్రాహకం లేకపోతే ఎమిలాయిడ్ పేరుకోవడం తగ్గింది. రెండో రకంలో టావ్ ప్రోటీను చిక్కు ముదిరింది. కబురు ఆపాలా, పెంచాలా? ఆల్జైమర్స్ మనిషి మెదడులో ఎమిలాయిడూ ఉంటుంది, టావ్ చిక్కులూ ఉంటాయి.

అత్తయ్యగారికి ఇదంతా చెప్పలేదు. "ఉన్నారు అత్తయ్యా, చూసుకుంటున్నారు" అన్నాను.

"వాళ్ళు అన్నాలు తిన్నారా?" అని అడిగారు.