కరెంటు సైకిలు కాలిబాట ఎక్కవచ్చా?

మోటారు బండ్లకు అనుమతి లేని కొండదారుల్లో బ్యాటరీ సైకిలు తొక్కవచ్చా అన్న తగువు అమెరికాలోనూ యూరప్‌లోనూ చాలా ఏళ్లుగా నడుస్తోంది. మన కోలారు జిల్లాలో అది ఇంకా తగువుగా మారలేదు. కానీ వారాంతం వస్తే బెంగళూరు జనం అంతరగంగ కొండకు వస్తూనే ఉన్నారు, బ్యాటరీ సైకిళ్లు అంగళ్లలో దొరుకుతూనే ఉన్నాయి. గొడవ వచ్చాక ఆలోచించడం కంటే ముందే విషయం తెలిసి ఉండటం మేలని ఈ వివరాలు ఇస్తున్నాం.

ముందు బండి సంగతి. కొండ సైకిలుకు లావు టైర్లు, ముందు స్ప్రింగు ఫోర్కు ఉంటాయి. దానికే చిన్న మోటారు, బ్యాటరీ కలిపితే కరెంటు కొండ సైకిలు. ఇందులో రెండు రకాలు. ఒకటి మనం తొక్కితేనే సాయం చేస్తుంది, కాళ్లు ఆపితే మోటారూ ఆగుతుంది. రెండోది పిడి తిప్పితే చాలు, తొక్కకుండానే పరుగెత్తుతుంది. చూడటానికి రెండూ ఒకటే. దారి మీద మాత్రం ఒకటి సైకిలు, ఇంకొకటి చిన్న మోపెడ్ అని మా అభిప్రాయం.

మన చట్టం ఈ తేడాను పెద్దగా పట్టించుకోదు. కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలకు మించకుండా ఉంటే పిడి తిప్పే బండి కూడా మోటారు వాహనం కాదు. తొక్కితే సాయం చేసే రకానికైతే మోటారు 250 వాట్ల లోపు ఉండాలి, వేగం 25కి చేరేసరికి సాయం ఆగిపోవాలి. వీటికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మామూలు సైకిలుకు బిగించుకునే 350, 500 వాట్ల కిట్లు మాత్రం ఈ మినహాయింపులోకి రావు. అయితే ఈ నియమాలు రోడ్డు కోసం రాసినవి. నంబరు ప్లేటు అక్కర్లేదు కదా అని కాలిబాట మీదికి పోయే హక్కు వచ్చినట్టు కాదు.

అమెరికాలో 2019 ఆగస్టులో అక్కడి ఇంటీరియర్ శాఖ, మామూలు సైకిళ్లకు అనుమతి ఉన్న చోట్ల కరెంటు సైకిళ్లకూ దారి ఇచ్చే ఉత్తర్వు తెచ్చింది. అడవుల శాఖ మాత్రం వాటిని మోటారు వాహనాలుగానే లెక్కగట్టింది. ఒకే దేశంలో, పక్కపక్క కొండల్లో, రెండు నియమాలు!

దారి పాడవుతుందన్నది మొదటి అభ్యంతరం. అంతర్జాతీయ మౌంటెన్ బైసికిల్ అసోసియేషన్ 2015లో ఓరెగాన్ రాష్ట్రంలో చేసిన చిన్న పరీక్షలో, తొక్కితే సాయం చేసే సైకిలు కదిపిన మట్టికీ మామూలు కొండ సైకిలు కదిపిన మట్టికీ పెద్ద తేడా కనిపించలేదు. మోటారు సైకిలు మాత్రం చాలా ఎక్కువ మట్టిని లేపింది. కాబట్టి మట్టి కంటే అసలు చిక్కు వేగంతోనే, అదీ ఎక్కేటప్పటి వేగంతో. దిగేటప్పుడు ఏ సైకిలైనా బరువుకే పరుగెత్తుతుంది, మోటారుతో పని లేదు. ఎగువకు మామూలు సైకిలు మనిషి నడక కంటే కొంచెమే ముందుంటుంది. కరెంటు సైకిలు అదే ఎక్కుడును రెండింతల వేగంతో, చప్పుడు లేకుండా ఎక్కేస్తుంది. కింది నుంచి అంత త్వరగా ఎవరో వస్తారని మలుపులో దిగేవాళ్లు అనుకోరు. తల మీద కట్టెల మోపు ఉన్న మనిషి పక్కకు తప్పుకోవడానికి కాస్త సమయం కావాలి కదా.

ఇప్పుడు మన తావుల సంగతి. శతశృంగ కొండల్లోని అంతరగంగకు మెట్లదారి ఉంది. బసవన్న నోటి నుంచి నీరు ధారగా వచ్చే ఆ గుడికి ముసలివాళ్లు, పిల్లలు చేతులు పట్టుకుని ఎక్కుతారు. ఆ మెట్ల మీదా, పైన గుహల వైపు బండల మధ్య పోయే సన్నని బాట మీదా ఏ సైకిలుకూ చోటు లేదు. దీని మీద చర్చే అనవసరం.

బంగారుపేట తాలూకా కామసముద్రం వైపు సంగతి వేరు. తమిళనాడు నుంచి, ఆంధ్రాలోని కౌండిన్య అభయారణ్యం వైపు నుంచి ఏనుగులు అక్కడికి వచ్చిపోతుంటాయి. అక్కడ ప్రమాదం మోటారులో లేదు, నిశ్శబ్దంలో ఉంది. చప్పుడు లేకుండా వేగంగా పోయి మలుపులో ఏనుగు ముందు ఆగితే వెనక్కి తిప్పే వ్యవధి ఉండదు. రిజర్వు అడవిలోకి, అభయారణ్యంలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా పోవడం ఎలాగూ నేరమే.

కేజీఎఫ్ సైనైడ్ దిబ్బలు సినిమా తర్వాత అందరికీ తెలిశాయి. లావు టైర్ల వాళ్లకు ఆ ఏటవాలు చూస్తే నోరూరుతుంది. కానీ అది కొండ కాదు, బంగారం తీసేశాక మిగిలిన రాతిపిండి. పైపొర చెదిరితే గాలికి లేచే ఆ దుమ్ము పక్క వాడల ఇళ్లలోకే పోతుంది. మోటారు ఉన్నా లేకున్నా అక్కడ చక్రం తిప్పకూడదు.

ఇంత చెప్పాక రెండో వైపూ చెప్పాలి. 1902లో శివనసముద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్ల తీగ లాగి కరెంటు తెచ్చింది ఈ గనుల కోసమే. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలగకముందే ఇక్కడ మోటార్లు తిరిగాయి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. లోపల రాతిదుమ్ము పీల్చి సిలికోసిస్ తెచ్చుకున్నవాళ్లకు నాలుగు మెట్లు ఎక్కినా ఆయాసమే. ఊపిరి చాలనివాళ్లకు, మోకాళ్లు అరిగినవాళ్లకు తొక్కితే సాయం చేసే సైకిలు సరదా కాదు, మళ్లీ బయట తిరగడానికి ఒక దారి. కరెంటు ఖర్చూ తక్కువే. ఒకసారి ఛార్జింగుకు సుమారు అర యూనిట్ చాలు. బ్యాటరీ అయిపోతే మాత్రం ఇరవై కిలోలకు పైబడిన బండిని తోసుకుంటూ ఇంటికి రావాలి, అది కూడా గుర్తుంచుకోవాలి!

ఇలాంటివాళ్లకు కాలిబాటలే కావాలని లేదు. మనకు వెడల్పాటి బండిదారులున్నాయి, చెరువుకట్టలున్నాయి. 2018 నుంచి కేసీ వ్యాలీ నీళ్లు వస్తున్న చెరువుల కట్టల మీద పొద్దున పూట నడిచేవాళ్లూ పెరిగారు. తొక్కితేనే నడిచే రకాన్ని ఈ దారుల్లో రానిచ్చి, పిడి తిప్పే రకాన్ని రోడ్డుకే పరిమితం చేయడం సబబని మాకు తోస్తోంది. సన్నని కాలిబాటల్లో రెండూ వద్దు. చెరువుకట్ట మీద బోర్డు పెట్టేముందు గ్రామ పంచాయతీ వాళ్లు సైకిలు తొక్కేవాళ్లను అడిగితే చాలదు. రోజూ ఆ దారిన మేకలు తోలుకుపోయేవాళ్లనూ అడగాలి.