ఒమాహా ఓటరు చీల్చిన బ్యాలట్

ఒకేసారి ఎన్నికలు జరిగితే ఓటరు రెండు చోట్లా ఒకే పార్టీకి వేస్తాడన్న మాట మన జమిలి ఎన్నికల చర్చలో తరచూ వినిపిస్తుంది. అమెరికాలోని నెబ్రాస్కా రెండవ కాంగ్రెస్ నియోజకవర్గం, అంటే ఒమాహా నగరమూ దాని పరిసరాలూ, ఈ మాటకు లొంగలేదు.

1991 నాటి చట్టం ప్రకారం అక్కడ అధ్యక్ష ఎన్నికలో ప్రతి నియోజకవర్గానికీ విడిగా ఒక ఎలక్టోరల్ ఓటు ఉంది. 2008లో అది ఒబామాకు దక్కింది. 1964 తర్వాత ఆ రాష్ట్రం డెమోక్రాట్లకిచ్చిన తొలి ఎలక్టోరల్ ఓటు అదే. అదే రోజు ప్రతినిధుల సభకు మాత్రం రిపబ్లికన్ లీ టెర్రీ తిరిగి ఎన్నికయ్యారు. 2020లో చీలిక మరింత స్పష్టం. బైడెన్ 22 వేల ఆధిక్యంతో గెలిచిన చోటనే రిపబ్లికన్ డాన్ బేకన్ దాదాపు 51 శాతంతో నెగ్గారు. ట్రంప్ కంటే ఆయనకు 16 వేలకు పైగా ఓట్లు ఎక్కువ పడ్డాయి. అన్ని వేల మంది పొరబడి వేసిన ఓట్లని ఎవరూ అనలేరు.

2024లో ఆ ఒక్క ఓటు కోసం చట్టాన్నే మార్చాలని ట్రంప్ పక్షం ఒత్తిడి తెచ్చింది. డెమోక్రాట్ల నుంచి రిపబ్లికన్లలో చేరిన రాష్ట్ర సెనేటర్ మైక్ మెక్‌డోనెల్ ససేమిరా అన్నారు (పార్టీ మారినవారు కొత్త పార్టీకి ఎదురు చెప్పడం మనకు వింతే). ఒమాహా ఇళ్ల ముందు తెల్ల పలకలపై నీలి చుక్కలు వెలిశాయి. నవంబరులో ఆ ఓటు కమలా హారిస్‌కు దక్కింది. సభకు మళ్లీ బేకనే వెళ్లారు.