ఊరు మారితే ఓటు మారుతుందా?



బెంగళూరు నుంచి హోసూరు రోడ్డు మీద వస్తుంటే ఎలక్ట్రానిక్ సిటీ దాటగానే మా హెబ్బగోడి తగులుతుంది. ఇంకొంత దూరం పోతే అత్తిబెలె, దాని పక్కనే తమిళనాడు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడే కుటుంబాలు ఈ ఆనేకల్ తాలూకాలో తరతరాలుగా ఉన్నాయి. నేను బడిలో రెండు భాషల్లోనూ పాఠం చెప్పే పంతులును. జనం కదిలినప్పుడు పార్టీల జాతకాలు ఎలా మారుతాయో ఈ రోజు మన నియోజకవర్గం చరిత్రలోనే చూద్దాం.

2008 వరకు ఆనేకల్ కనకపుర లోక్‌సభ నియోజకవర్గంలో ఉండేది. అందులో ఒకవైపు రాగి చేలు, పట్టుపురుగుల పెంపకం ఉన్న రామనగర, చెన్నపట్న, మాగడి పల్లెలు. మరోవైపు బెంగళూరు శివార్లలో వెలసిన కొత్త కాలనీలతో ఉత్తరహళ్ళి. అప్పట్లో రాష్ట్రంలోని మిక్కిలి పెద్ద శాసనసభ నియోజకవర్గాలలో ఉత్తరహళ్ళి ఒకటిగా ఉండేది. పల్లెను, పట్నాన్ని ఒకే కాడికి కట్టినట్టుండేది.

ఫలితాలు చూడండి. 1996లో జనతాదళ్ అభ్యర్థి హెచ్.డి. కుమారస్వామి గెలిచారు. ఆ ఏడాది కర్ణాటకలోని 28 స్థానాల్లో జనతాదళ్‌కు 16 వచ్చాయి, దేవెగౌడ ప్రధానమంత్రి అయ్యారు. 1998లో ఇక్కడ భారతీయ జనతా పార్టీ తరఫున ఎం. శ్రీనివాస్ గెలిచారు. 1999లో కాంగ్రెస్‌కు చెందిన ఎం.వి. చంద్రశేఖరమూర్తి, 2002 ఉప ఎన్నికలో దేవెగౌడ, 2004లో ఆ దేవెగౌడనే ఓడించి కాంగ్రెస్ అభ్యర్థిని తేజస్విని గెలిచారు. ఎనిమిదేళ్ళలో ఐదు ఎన్నికలు, ఐదుగురు విజేతలు! పల్లె ఓటుతోనే గట్టెక్కుతామని గానీ, పట్నం ఓటు చాలునని గానీ ఏ పార్టీ ధీమాగా ఉండలేని పరిస్థితి అది.

2001 జనాభా లెక్కలను బట్టి 2008లో హద్దులు మార్చారు. కనకపుర స్థానం పోయి బెంగళూరు గ్రామీణ స్థానం వచ్చింది. పేరులో గ్రామం ఉంది గానీ, దాని ఎనిమిది శాసనసభ స్థానాల్లో రాజరాజేశ్వరినగర్, బెంగళూరు దక్షిణ, ఆనేకల్ అనే మూడు నగరాన్ని ఆనుకొన్నవే. బెంగళూరు నగర జిల్లా జనాభా 2001లో సుమారు 65 లక్షలు, 2011 నాటికి 96 లక్షలు. ఎలక్ట్రానిక్ సిటీ, బొమ్మసంద్ర ఫ్యాక్టరీలు పిలిస్తే చిత్తూరు, అనంతపురం నుంచే కాక ఒడిశా, బీహార్‌ల నుంచి కూడా మనుషులు వచ్చారు.

2019లో కర్ణాటక మొత్తం మీద కాంగ్రెస్ గెలిచిన ఒకే ఒక్క లోక్‌సభ స్థానం ఇదే. గెలిచినవారు డి.కె. సురేశ్. 2024లో భారతీయ జనతా పార్టీ గుర్తు మీద పోటీచేసిన హృద్రోగ నిపుణులు డాక్టర్ సి.ఎన్. మంజునాథ్ ఆయనను 2 లక్షల 69 వేల పైచిలుకు ఓట్లతో ఓడించారు. ఇదంతా కొత్త ఓటర్ల మహిమేనా? కాదు. 2019లో జనతాదళ్ సెక్యులర్ కాంగ్రెస్‌తో పొత్తులో ఉంది, 2024లో భారతీయ జనతా పార్టీతో కలిసింది. పొత్తు మారితే పాత ఓటర్లలో కూడా కొందరు దారి మారుస్తారు. వలస వచ్చినవారంతా ఒకే పార్టీ వైపు ఉంటారనుకోవడం కూడా పొరపాటే. ఇదే ఆనేకల్ శాసనసభ స్థానాన్ని 2013, 2018, 2023లో వరుసగా కాంగ్రెస్ గెలుచుకుంది.

అసలు సంగతి మరొకటి ఉంది. జనాభా వేరు, ఓటర్ల జాబితా వేరు, పోలింగు రోజున వరుసలో నిలిచేవారు వేరు. 2024లో బెంగళూరు గ్రామీణ స్థానంలో సుమారు 68 శాతం పోలింగు జరిగితే, పక్కనున్న బెంగళూరు దక్షిణ లోక్‌సభ స్థానంలో 53 శాతమే. వందమందిలో 47 మంది ఇంట్లో కూర్చుంటే, వెళ్ళిన పల్లెటూరివాని ఓటుకు బరువు పెరగదా?

ఒకసారి ఓటర్ల జాబితా పనిమీద ఇల్లిల్లూ తిరుగుతూ ఒక వఠారానికి వెళ్ళాను. మదనపల్లె వైపు నుంచి వచ్చి పన్నెండేళ్ళయిన ఒక తల్లి, "మా ఓటు ఊర్లోనే ఉండాది సారూ, ఈడెందుకు?" అంది. ఆ వెంటనే, "వారానికొక తూరి కూడా నీళ్ళు రావు, ఎవుర్ని అడగాల?" అని నన్నే నిలదీసింది. నేను, "అమ్మా, నీ మొదటి మాటలోనే రెండో మాటకు జవాబుంది" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే ఊర్లో పేరు తీసేస్తారా?" అని అడిగింది. అవునన్నాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఊరిలో పేరు పోవడమంటే ఆమెకు వేరు తెగిపోవడమే.

ఆ బాధను తేలిక చేయను. కానీ చట్టం ప్రకారం ఒక మనిషికి రెండుచోట్ల పేరుండరాదు, మామూలుగా నివసించే చోటే ఉండాలి. 2024లో మనకు ఏప్రిల్ 26న, ఆంధ్రప్రదేశ్‌కు మే 13న పోలింగు జరిగింది. తేదీలు వేరైనంత మాత్రాన రెండుసార్లు వేయవచ్చునని ఎవరైనా చెబితే నమ్మకండి, అది నేరం.

పార్టీలు లెక్కపెట్టేది మన ఇళ్ళను కాదు, జాబితాలోని పేర్లను. పేరు లేని వీధికి వారు ఓటు అడగడానికి రారు, ఆ తరువాత మాట వినడానికీ రారు. ఢిల్లీలో ఎవరు కూర్చోవాలన్నది 543 స్థానాల లెక్క. అందులో ఒకటి మన గడప ముందే ఉంది. ఊరి మీద ప్రేమ గుండెలో ఉంచుకుందాం. ఓటు మాత్రం మనం నీళ్ళు తాగే చోట ఉంచుకుందాం. ఎనిమిదో నంబరు ఫారం నింపడానికి పావుగంట చాలు.