స్విచ్‌కు చిరునామా.. ఏమరుపాటు వద్దు

మరిపెడ: వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు 2020 నుంచి తహసీల్దారు కార్యాలయాల్లోనే జరుగుతున్నాయి. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చినా కంప్యూటరే ఆధారం. నెట్‌వర్క్ నిలిచిందంటే తండాల నుంచి కూలి మానుకుని వచ్చిన రైతు ఉసూరుమంటూ వెనుదిరగాల్సిందే. కార్యాలయాలు, కళాశాలలు, మీసేవ కేంద్రాల్లోని కంప్యూటర్లను ఒకచోట కలిపే పరికరం స్విచ్. దానికి ఐపీ చిరునామాను సక్రమంగా కేటాయిస్తే లోపం ఎక్కడుందో త్వరగా తెలుసుకోవచ్చు.

చిరునామా ఎందుకు?

సాధారణ స్విచ్ తీగలు తగిలించగానే పనిచేస్తుంది. దానిలో మార్చవలసిన అమరికలు ఉండవు. మేనేజ్డ్ స్విచ్‌లో ఏ పోర్టు పనిచేస్తోంది, ఏది ఆగింది అన్నది మరో కంప్యూటర్ నుంచి చూడవచ్చు. సమాచారాన్ని అది మ్యాక్ చిరునామాల ఆధారంగా చేరవేస్తుంది. అందువల్ల ఐపీ లేకున్నా ఆ పని ఆగదు. ఐపీ చిరునామా నిర్వహణ కోసమే.

ఏ సంఖ్య ఇవ్వాలి?

అంతర్గత నెట్‌వర్క్‌లకు 10, 172.16 నుంచి 172.31, 192.168తో మొదలయ్యే చిరునామాలను 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1918 పత్రం ప్రత్యేకించింది. ఉదాహరణకు రూటర్‌కు 192.168.10.1 ఉంటే స్విచ్‌కు 192.168.10.2 ఇవ్వవచ్చు. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. కంప్యూటర్లకు రూటర్ తానే పంచే చిరునామాలను 50 నుంచి 200 వరకు పరిమితం చేస్తే స్విచ్ సంఖ్య మరొకరికి వెళ్లదు.

అమర్చే విధానం

* కొత్త స్విచ్‌లు పలు ఉంటే ఒక్కొక్కటిగానే కలపాలి. ఒకే రకం స్విచ్‌లకు కర్మాగారంలో ఒకే చిరునామా ఇచ్చి ఉండవచ్చు.
* పరికరం అడుగున అంటించిన చీటీలో చిరునామా ఉంటే బ్రౌజర్ ద్వారా, లేదంటే కన్సోల్ తీగ ద్వారా లోపలికి ప్రవేశించాలి.
* ముందుగా పాస్‌వర్డ్ మార్చాలి.
* నిర్వహణ వీల్యాన్‌లో ఐపీ, మాస్క్ నమోదు చేయాలి. కొన్ని స్విచ్‌లలో ఆ వీల్యాన్‌ను విడిగా క్రియాశీలం చేయాలి.
* డిఫాల్ట్ గేట్‌వేగా రూటర్ చిరునామా ఇవ్వాలి. ఇది లేకుంటే జిల్లా కేంద్రం వంటి బయటి చోటు నుంచి స్విచ్‌ను చేరుకోలేరు.
* పింగ్ ఆదేశంతో పరీక్షించి, అమరికలను భద్రపరచాలి. మరిచిపోతే కరెంటు పోయి వచ్చేసరికి పలు స్విచ్‌లలో చేసినదంతా చెరిగిపోతుంది.

అసలు ప్రమాదం

రూటర్ చిరునామానే పొరపాటున స్విచ్‌కు ఇస్తే కంప్యూటర్లు తికమకపడతాయి. ఇంటర్నెట్ వస్తూ పోతూ ఉంటుంది. లోపం లైనుదని భ్రమించి రోజంతా వృథా చేసుకునే అవకాశం ఉంది. అందుకే ఏ పరికరానికి ఏ సంఖ్య ఇచ్చారో రిజిస్టరులో రాసి ఉంచాలి. అమర్చిన వ్యక్తి బదిలీపై వెళ్లినా తర్వాత వచ్చినవారికి ఆ పుటే దారి చూపుతుంది.