సీ భాషలో శూన్య పాయింటరు: చరిత్ర, రాసే పద్ధతి

పాయింటరు అంటే మెమరీలోని ఒక చిరునామాను దాచుకునే చలరాశి అని గత పాఠంలో చదువుకున్నారు. మరి ఏ చిరునామానూ సూచించని పాయింటరును ఎలా రాయాలి? 0 అనా, నల్ అనా, నల్‌పిటిఆర్ అనా?

ముందుగా ఒక తేడా గమనించండి. కొత్తపేట నుంచి రాజోలుకు ఉత్తరం రాస్తూ డోరు నంబరు తప్పు వేస్తే అది ఇంకెవరి ఇంటికో చేరుతుంది. ప్రారంభ విలువ ఇవ్వని పాయింటరు అలాంటిది. శూన్య పాయింటరు అలా కాదు. "ఇది ఎవరికీ కాదు" అని తెలిసి రాసిన మాట.

ఈ ఆలోచనను 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాషలో టోనీ హోర్ ప్రవేశపెట్టారు. దాన్నే 2009లో ఆయన తన వంద కోట్ల డాలర్ల పొరపాటుగా చెప్పుకున్నారు. ఆల్గాల్ డబ్ల్యూ రూపకల్పనలో ఆయన సహచరుడు నిక్లాస్ వర్త్ అప్పట్లో స్టాన్‌ఫర్డ్‌లో బోధించేవారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1966లో డాక్టరేట్ పొందింది అక్కడే. ఆయన గురువు జాన్ మెకార్తీ రూపొందించిన లిస్ప్‌లో "నిల్" అప్పటికే ఉంది.

సీ భాష మాత్రం వేరే దారిన వచ్చింది. దాని పూర్వీకులైన బీసీపీఎల్, బీ భాషల్లో రకాలు లేవు. సంఖ్య అయినా చిరునామా అయినా ఒకే పదం. 1970ల ఆరంభంలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ సీని తీర్చిదిద్దిన పీడీపీ-11 యంత్రంలో పూర్ణాంకమూ పాయింటరూ రెండూ 16 బిట్లే. కాబట్టి శూన్యానికి 0 రాసినా ఇబ్బంది రాలేదు. కర్నిగన్, రిచీల 1978 పుస్తకం నల్ అనే పేరును వాడింది. 1989 ప్రమాణం 0ను, వాయిడ్ పాయింటరుగా మార్చిన 0ను రెండింటినీ శూన్య పాయింటరు స్థిరాంకాలుగా అంగీకరించింది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. మనం 0 అని రాసినంత మాత్రాన యంత్రంలో అన్ని బిట్లూ సున్నలు కానక్కరలేదు. ప్రైమ్ 50 శ్రేణి కంప్యూటర్లలో శూన్య పాయింటరు 07777 అనే సెగ్మెంటును వాడేది. ఆ మార్పిడి కంపైలరు పని, మనది కాదు.

కోనసీమ కళాశాలల్లో సీ నేర్చుకున్న ఒక తరానికి టర్బో సీ నీలం తెర గుర్తుండే ఉంటుంది. ప్రోగ్రాం ఫలితం సరిగ్గానే వచ్చి, చివర "నల్ పాయింటర్ అసైన్‌మెంట్" అని కనబడేది. అమలాపురంలో ఒక ప్రయోగశాలలో పిల్లలు దాన్ని ఫలితంలో భాగమనుకుని రికార్డులో కూడా రాసేసేవారు! నిజానికి చిన్న మెమరీ నమూనాలో డేటా భాగం మొదట్లో బోర్లాండ్ తన కాపీరైట్ వాక్యాన్ని ఉంచేది. ప్రోగ్రాం ముగిసేటప్పుడు అది చెదిరిందో లేదో చూసి ఆ హెచ్చరిక ఇచ్చేది.

పెద్ద నమూనాలో చిక్కు వేరు. అక్కడ పూర్ణాంకం 16 బిట్లు, పాయింటరు 32 బిట్లు. ఎన్ని విలువలైనా తీసుకునే ఫంక్షనుకు చివర ఉత్త 0 పంపితే సగమే వెళ్తుంది. నేటి 64 బిట్ల యంత్రాల్లోనూ ఇదే ప్రమాదం. నల్‌ను కొన్ని కంపైలర్లు ఉత్త 0గానే నిర్వచించవచ్చు కనుక, ఎగ్జెక్ఎల్ వంటి ఫంక్షన్లకు చివరి విలువను చార్ పాయింటరుగా మార్చి పంపాలి.

రాయడం ఒక్కటే కాదు, ఎక్కడ పరీక్షిస్తామన్నదీ ముఖ్యమే. 2009లో లైనక్స్ కెర్నెల్‌లోని టన్ డ్రైవరులో ఒక పాయింటరును ముందు వాడి, తరువాత శూన్యమా అని పరీక్షించారు. వాడేశారు కాబట్టి అది శూన్యం కాదని భావించి జీసీసీ ఆ పరీక్షనే తొలగించింది. సాధారణ వినియోగదారుడు యంత్రంపై పూర్తి అధికారం చేజిక్కించుకోవడానికి అది దారి ఇచ్చింది.

పాయింటరు అని చదివేవారికి తెలియాలి కాబట్టి 0 కన్నా నల్ రాయడమే మేలని నా అభిప్రాయం. అయితే పదబంధం చివరి అక్షరానికి నల్ రాయకండి. అది పాయింటరు కాదు, సున్న విలువగల అక్షరం. నల్‌పిటిఆర్ సీ++లోకి 2011లో, సీలోకి సీ23 ప్రమాణంతో వచ్చింది. దానికి సొంత రకం ఉంది, పూర్ణాంకంతో కలిసిపోదు. మీ అధ్యయన కేంద్రంలో ఇంకా పాత కంపైలరే ఉంటే అది ఈ మాటను గుర్తించదు. అక్కడ నల్ రాయండి.