కోనము: తెలుగు పేరుతో శాస్త్రమునకెక్కిన చేప

నర్సీపట్నము సముద్రపు టొడ్డున లేదు. అయినను ఇచ్చటి చేపల బజారులో, చెరువు చేపల గంపల ప్రక్కనే, వెండివలె మెరయు పొడవైన సముద్రపు చేప అప్పుడప్పుడు కనిపించును. దీనిని మనవారు కోనము అందురు. ఈ పేరు రెండు వందల సంవత్సరములకు పూర్వమే లండను నగరమున అచ్చయిన ఒక శాస్త్రగ్రంథమున చేరినదని మనలో చాలమందికి తెలియదు.

ఆ గ్రంథకర్త పాట్రిక్ రస్సెల్. ఆయన స్కాట్లండు దేశీయుడు, వైద్యుడు. సిరియాలోని అలెప్పో నగరమున ప్లేగు వ్యాధిని పరిశీలించి పేరు గాంచెను. తరువాత తన సోదరునితో విశాఖపట్నము వచ్చి, 1785లో ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా నియమితుడయ్యెను. రక్తపింజరి శాస్త్రనామములో నేటికిని ఆయన పేరు కలదు. విశాఖపట్నపు రేవున సేకరించిన 200 చేపల వర్ణనలను, చిత్రములను ఆయన 1803లో రెండు సంపుటములుగ వెలువరించెను. ఆయన చేసిన మరియొక మేలు గమనింపదగినది. చేపలను పట్టినవారు వానిని ఏ పేరుతో పిలిచిరో, ఆ పేరునే తనకు వినిపించినట్లు వ్రాసికొనెను. కోనము, వంజరము, పొలస మొదలగు తెలుగు పేర్లు ఈ విధముగ ఇంగ్లీషు లిపిలో చేరినవి.

తరువాతి శాస్త్రజ్ఞులు ఈ గ్రంథమును ఆధారముగ గ్రహించిరి. ఫ్రాన్సు దేశీయుడగు క్యువియర్ 1829లో పొలసకు ‘క్లూపియా పలాసా’ అని పేరిడెను. డచ్చి శాస్త్రజ్ఞుడు బ్లీకర్ 1851లో కోనమునకు ‘సైబియం కోనం’ అని పేరిడెను. కాని ఒకే జీవికి రెండు పేర్లున్నచో ముందు ప్రకటింపబడినదే నిలుచునని నామకరణ నియమము. కోనమును 1800లోనే లాసెపెడ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వర్ణించియుండెను. మారిషస్ ద్వీపమున 1773లో మరణించిన కమ్మెర్సన్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుని వ్రాతప్రతులే ఆయనకు ఆధారము. అందుచేత నేడు దీని నామము ‘స్కాంబరోమోరస్ కమ్మెర్సన్’. మన పేరు పర్యాయనామములలో మిగిలినది.

కోనమును గుర్తించుట కష్టము కాదు. దీని ప్రక్కలయందు అలలవంటి నిలువు చారలుండును. పిల్లలలో ఇవి ఇరువదికి లోపు. పెద్దవానిలో నలుబదికి పైగా ఉండవచ్చును. వంజరమునకు చారలకు బదులు చుక్కలుండును. కోనము పార్శ్వరేఖ రెండవ పృష్ఠవాజము చివర తటాలున క్రిందికి వంగును. రెండు మీటరులకు మించి పెరిగినవి, 70 కిలోగ్రాముల బరువు తూగినవి కూడ కలవు.

ఈ చేపకు వాయుకోశము లేదు. ఈత మానినచో నీటిలో తేలియుండజాలదు. కావున ఎల్లప్పుడు ఈదుచు, కవ్వళ్ళు, నెత్తళ్ళు, స్క్విడ్లు మొదలగువానిని తరిమి తినును. ఎర్రసముద్రము, దక్షిణాఫ్రికా తీరము మొదలు జపాను, ఆస్ట్రేలియా, ఫిజీ వరకు దీని నివాసము వ్యాపించియున్నది. సూయెజు కాలువ తెరచిన తరువాత మధ్యధరా సముద్రమునకును చేరినది. గాలమునకు చిక్కిన కోనము దారమును బలముగ లాగుకొని పరుగెత్తును. మన జాలరులకు ఇది జీవనాధారము. ఆస్ట్రేలియా మొదలగు దేశములలో వినోదపు వేటగాండ్రకు గొప్ప పందెపు చేప.

కోనము వేగముగ పెరుగును. రెండేండ్లకు సుమారు 70 సెంటీమీటరులగును. ఇంచుమించు ఆ పరిమాణముననే గ్రుడ్లు పెట్టు ప్రాయము వచ్చును. దీనిని బట్టి, అర మీటరు చేపను పట్టుట యనగా ఒక్కసారియైనను గ్రుడ్లు పెట్టని చేపను పట్టుటయే.

గ్రుడ్లు పెట్టు కాలమున ఇవి గుంపులుగ చేరుట మరియొక ప్రమాదము. ఆస్ట్రేలియా తూర్పు తీరమున ఏటేట కొన్ని తెలిసిన పగడపు దిబ్బల కడ చేరును. చోటును కాలమును తెలిసిన వేటగానికి అప్పుడు వల నిండును. కాని సంతతి తరుగును. అచ్చటి కోనములు వేటకు పూర్వమున్న రాశిలో సుమారు 17 శాతమే మిగిలినవని 2021లో అంచనా వేసిరి. క్వీన్స్‌లండు రాష్ట్రమున 75 సెంటీమీటరులకు లోపుదానిని ఉంచుకొనరాదు. 2023 నుండి వినోదమునకు వేటాడువాడు ఒక్క చేపను మాత్రమే ఉంచుకొనవచ్చును. ఒమాను దేశము ఆగస్టు 15 నుండి అక్టోబరు 15 వరకు ఈ చేప వేటను నిషేధించినది. హిందూ మహాసముద్ర ట్యూనా సంఘము 2017లో చేసిన అంచనాలో ఈ సముద్రపు కోనము మితిమీరి వేటాడబడుచున్నదని తేలినది.

మన రాష్ట్రమున 1994లో సముద్ర మత్స్యవేట నియంత్రణ చట్టము వచ్చినది. యాంత్రిక నావలకును తెప్పలమీద వేటాడువారికిని కలిగిన తగవులే ఇట్టి చట్టములకు ముఖ్య కారణము. తీరమునకు చేరువనున్న నీరు చిన్నవారికి మిగులవలెనని దీని ఆశయము. 2015 నుండి తూర్పు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు వేట విరామము అమలులో కలదు. యంత్రములేని సంప్రదాయ నావలకు ఇది వర్తింపదు.

ఈ విరామము మేలైనదే. కాని ఇది కాలమునకు సంబంధించిన కట్టడి. చేప పొడవునకు సంబంధించినది కాదు. జూన్ 15వ తేదీన వలలో పడిన పిల్ల కోనమును ఈ కట్టడి కాపాడజాలదు. పిల్ల చేపను విడిచిన జాలరికి ఆనాటి కూడు తరుగును గనుక నెపమంతయు అతనిపై వేయుట న్యాయము కాదు. కొనువారు పిల్ల చేపను అడుగకున్నచో అంగడిలో దాని విలువ తానే తగ్గును.

ఉపాధ్యాయులు విద్యార్థులను ఒక ఉదయము కొలబద్దతో చేపల బజారునకు తీసికొనిపోవచ్చును. కోనమును గుర్తించి, చారలు లెక్కించి, పొడవు కొలిచి, అది గ్రుడ్లు పెట్టు ప్రాయమునకు వచ్చినదో లేదో నిర్ణయింపవచ్చును. రస్సెల్ విశాఖపట్నపు రేవున చేసిన పని ఇట్టిదే. ఆయన నాటి చేపల పేర్లు వ్రాసికొనెను. నేడు మనము వాని పొడవులు కూడ వ్రాసికొనవలసియున్నది.